అరువు తెచ్చిన కుర్చీ

మా పత్రిక మొదటి సంచికను భద్రంగా దాచుకున్నామని ఎవరైనా సంబరంగా నా చేతిలో పెడితే, పేజీలు తిరగేస్తాను గానీ చివరి అట్ట లోపలి వైపు చూడను. అక్కడ నా కార్టూన్ ఉంది. దాన్ని చూసి జనం నవ్వారు, ఫోన్లు చేసి మరీ మెచ్చుకున్నారు. గీత బాగానే కుదిరింది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. అయినా ఆ పేజీ కనబడితే చాలు, చెవులు వేడెక్కుతాయి. ఇన్నేళ్లయినా తగ్గని సిగ్గు అది. పత్రిక తొలిరోజుల గురించి రాయమని అడిగిన ప్రతిసారీ ఏదో వంక చెప్పి తప్పించుకున్నది అందుకే.

రాష్ట్రం వచ్చిన కొత్తలో పుట్టింది మా పత్రిక. నల్లగొండలో ఫ్లెక్సీలు ముద్రించే దుకాణం మీద ఒక గది కిరాయికి తీసుకున్నారు మా సారు. ఆయన తెలుగు లెక్చరర్‌గా రిటైరైన మనిషి. హాస్యపత్రిక పెట్టేవాడు నవ్వుతూ తుళ్లుతూ ఉంటాడనుకుంటాం గానీ, సారు ఎప్పుడూ కోపంగానే ఉండేవారు. సినిమాల్లో మన మాటను రౌడీలకూ పనివాళ్లకూ అంటగట్టారన్నది ఆయన కోపం. "మన మాట మీద లోకమంత నవ్వింది. ఇగ మన మాటతోని మనం నవ్వాలె," అన్నారు మొదటిరోజే. ఆ ఒక్క మాటకే నేను పడిపోయాను. ఆ ఊళ్లో జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌ని అప్పుడు. తరగతిలో నోరు జారి ఇంటి మాట వస్తే పిల్లలే నవ్వేవారు.

కార్టూన్లు గీసేవాళ్లం ముగ్గురం. ఒకరు చిట్యాల అన్న. హైవే పొడుగునా దుకాణాల బోర్డులూ లారీల వెనక అక్షరాలూ రాసిన చెయ్యి ఆయనది. ఫ్లెక్సీలొచ్చి ఆ పని కాస్తా పోయింది. అందుకే కింద దుకాణం వైపు తల కూడా తిప్పకుండా చరచరా మెట్లెక్కి వచ్చేవాడు. రెండో ఆయన మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలో గుమాస్తా. ఎంత కడుక్కున్నా కనుబొమల్లో దుమ్ము మిగిలే ఉండేది. ముక్కులు గీయడంలో మొనగాడు, ముక్కు చూస్తే మనిషి ఎవరో చెప్పేయొచ్చు. మూడోదాన్ని నేను. ఆ గదిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఆ సంగతి ఎవరూ ఎత్తకపోయినా, నేను మాత్రం ఎప్పుడూ మర్చిపోలేదు.

ప్రతి ఆదివారం పొద్దున కూడేవాళ్లం. గీసినవన్నీ చాప మీద పరిచి చుట్టూ కూర్చునేవాళ్లం. సారు పైకి నవ్వేవారు కాదు. బొమ్మ నచ్చితే కళ్లద్దాలు తీసి కండువాతో తుడుచుకునేవారు. ఆయన చెయ్యి అద్దాల వైపు పోతుందా లేదా అని మేం ముగ్గురం గుడ్లప్పగించి చూసేవాళ్లం. మాట దగ్గర మాత్రం భలే పట్టింపు. కార్టూన్ కింద "వస్తున్నాను" అని కనబడితే చాలు, కొట్టేసి "వస్తున్న" అని రాసేవారు. ఒక్కో వాక్యం మీద మధ్యాహ్నం దాకా కొట్లాడుకునేవాళ్లం. ఆ కొట్లాటలు తల్చుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంటుంది.

సారు పెట్టిన నియమం ఒకటుంది. ఊరి మీద నవ్వేముందు మన ఇంటి మీద మనం నవ్వాలని. మొదటి సంచికలో ప్రతి కార్టూనిస్టూ తన ఇంటి బొమ్మ వేయాల్సిందే. "ఇంటి బొమ్మ అబద్ధమైతే ఊరి బొమ్మ గీసే హక్కు లేదు. అసొంటోళ్లకు నా పత్రికల జాగ లేదు," అని గట్టిగానే చెప్పారు. నేను తలూపాను. తలూపుతున్నప్పుడే మా ఇల్లు కళ్లముందు మెదిలింది.

మా ఇల్లు కోస్గికి అవతల చిన్న ఊళ్లో. గొర్రెల మంద మా బతుకు. ఇంటికీ దొడ్డికీ మధ్య తడక ఒక్కటే అడ్డం. వానాకాలమైతే అన్నం కంచంలోకి కూడా దొడ్డి వాసన వచ్చేది. చిన్నప్పుడు బడిలో పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకున్నప్పటి నుంచి, మా ఇంటి గురించి ఎవరడిగినా రెండు ముక్కల్లో తేల్చేసి మాట మార్చడం నేర్చుకున్నాను. అలాంటి ఇంటిని అచ్చులో వేసి జనం చేతుల్లో పెట్టాలంటే నాకు చెయ్యి ఆడలేదు.

పైగా నా చేతికి వచ్చిన బొమ్మలు కూడా మా ఇంటివి కావు. నాయిన కోస్గి అంగడికి పోయి గొర్రెను అమ్మిన రోజు మిర్చి బజ్జీలు కట్టించుకొచ్చేవాడు. ఆ పొట్లాం కాగితాలు పాత వారపత్రికలవి. బజ్జీలు తమ్ముడు తినేవాడు, కాగితం నేను తీసుకునేదాన్ని. నూనె పీల్చిన కాగితంలో అవతలి పేజీ బొమ్మ కూడా ఇవతలికి కనబడేది. రెండు బొమ్మలనూ విడదీసి పలక మీద దించడమే నేను నేర్చుకున్న చిత్రకళ. ఆ కార్టూన్లలో మొగుడెప్పుడూ పడక్కుర్చీలో పేపరు చదువుతూ ఉంటాడు. పెళ్లానికి సిగలో పూలు, చేతిలో అప్పడాల కర్ర. ఇల్లంటే అదే, హాస్యమంటే అదే అనుకున్నాను.

కాబట్టి ఇంటి బొమ్మ అనగానే అదే గీశాను. కుర్చీలో నాయిన, మొహానికి అడ్డంగా పేపరు. ఎదురుగా అమ్మ, ఎత్తిపట్టిన అప్పడాల కర్ర. నాయిన అంటున్నాడు: "కొత్త రాష్ట్రమొచ్చింది గదనే, ఇగ మన బతుకులు మారుతయంట." అమ్మ అంటోంది: "ముందు నువ్వు కుర్చీల కెళ్లి లెవ్వు. గది మారితే సాలు."

సారు అద్దాలు తుడుచుకున్నారు. ఒకసారి కాదు, మళ్లీ చదివి మళ్లీ తుడుచుకున్నారు. నేను పొంగిపోయాను. వింత ఏమిటంటే చిట్యాల అన్న ఇంటి బొమ్మలోనూ పడక్కుర్చీ ఉంది, గుమాస్తా ఇంటి బొమ్మలోనూ అప్పడాల కర్ర ఉంది. మూడు బొమ్మలూ పక్కపక్కన పెడితే మా ముగ్గురి కుటుంబాలూ ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నట్టుంది. మాటను అక్షరం అక్షరం తూచిన సారు బొమ్మ వైపు చూడనే లేదు. మాకూ అనిపించలేదు. జొన్నరొట్టెను అరచేత్తో కొట్టుకునే ఇళ్లలో పుట్టిన ముగ్గురం, ఎవరింటి కర్రనో తెచ్చి మా అమ్మల చేతుల్లో పెట్టి, మన పత్రిక వచ్చిందని మురిసిపోయాం.

నాయిన కుర్చీలో కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదు. అసలు కూర్చోవడమే తక్కువ. పొద్దు పొడవకముందే మంద వెంట నడిచి, పొద్దు గూకినాక వచ్చేవాడు. మంద మేసేచోట కూడా కట్టె మీద గడ్డం ఆనించి నిలబడే ఉంటాడు. అలాంటి మనిషిని కుర్చీలోంచి లేవని సోమరిని చేసి నేను నలుగురినీ నవ్వించాను.

ఆవిష్కరణ అయ్యాక ఒక సంచిక ఇంటికి తీసుకెళ్లాను. తీసుకెళ్లకుండా ఉండాల్సింది. కానీ అచ్చులో నా పేరు చూసుకునే వెర్రి ఆగనివ్వలేదు. పక్కింటి వదిన వచ్చి బొమ్మ కింద మాటలు చదివి వినిపించింది. నాయిన పేజీని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"గీ కూసున్నది నేనేనా?"

"ఊకెనే నాయినా, నవ్వుకు."

"మంచిగనే ఉన్న," అని నిజంగానే నవ్వాడు. ఆ పత్రికను చొక్కా లోపల పెట్టుకుని చాయ్ హోటల్‌కు పోయి అందరికీ చూపించాడట.

అమ్మ మాత్రం బొమ్మ మీద వేలు పెట్టి, "నా చేతిల చపాతి కట్టెందుకు బిడ్డా? మనింట్ల లేనే లేకపాయె. నేనెవ్వర్ని కొట్టిన?" అంది. అడిగిన మాటలో కోపం లేదు, తెలుసుకుందామన్న ఆత్రమే ఉంది. నేను విసుక్కున్నాను. "పత్రికలల్ల గట్లనే ఉంటదమ్మా," అన్నాను. అమ్మ ఆ మాటను మనసులో పెట్టుకుంటుందని అప్పుడు నాకేం తెలుసు.

రెండో సంచిక పని మొదలైంది. సారుకు కొత్త ఆలోచన వచ్చింది. అందరం కలిసి ఒక్కో కార్టూనిస్టు ఇంటికి పోవాలి, ఆ ఇంటిని మిగతా ఇద్దరూ గీయాలి. ఇంటివాళ్ల గీత పక్కన బయటివాళ్ల గీత వేస్తే పాఠకులకు భలే ఉంటుందని. "ముందు మన చెల్లె ఇంటికే పోదాం. ఆ కుర్చీ పెద్దమనిషిని చూడాలె," అన్నారు. ఇల్లు రిపేరులో ఉందన్నాను. అయితే రిపేరే గీద్దామన్నారు. అమ్మకు ఒంట్లో బాగాలేదన్నాను. పరామర్శకైనా పోవాలన్నారు. ఇంకేం వంక దొరకలేదు. సారు పెట్టిన నియమం నా నెత్తిన కత్తిలా వేలాడుతోంది. ఇల్లు చూశాక పత్రిక గదిలో నాకు జాగా ఉండదని తేలిపోయింది.

ఇంటికి ఫోన్ చేసి, ఆదివారం పత్రికోళ్లు వస్తున్నారు, ఇల్లు జర సర్దుండ్రి అని మాత్రం చెప్పాను. ఇంకేం చెప్పగలను?

సారు కారులోనే పోయాం. దారి పొడుగునా వాళ్లు జోకులేసుకుంటున్నారు. నేను కిటికీలోంచి కంది చేలు చూస్తూ, టైరు పంక్చరైనా బాగుండునని కోరుకుంటున్నాను. కారు మా గల్లీలోకి తిరిగింది. ఇంటిముందు అలికి ముగ్గేసి ఉంది. దొడ్డి ఖాళీ. తడక మీద అమ్మ పెండ్లినాటి చీర పరదాలా కట్టి ఉంది. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో నాయిన. మడత గీతలు కూడా పోని తెల్లచొక్కా, చేతిలో పేపరు. గడప దగ్గర అమ్మ నిలబడి ఉంది. సిగలో బంతిపూలు. కుడిచేతిలో, భుజం దాకా ఎత్తిపట్టుకుని, చపాతి కట్టె.

నేను కారు దిగలేకపోయాను. కోస్గిలో కిరాయికుండే టీచరమ్మను అడిగి ఆ కట్టె తెచ్చిందని తర్వాత తెలిసింది. నన్ను అబద్ధాలకోరును కానీయకూడదని, ఇద్దరూ కూడబలుక్కుని నా బొమ్మలోకి దూరి నిలబడ్డారు.

సారు మురిసిపోయారు. "ఉన్నదున్నట్టు గీసినవ్ గదమ్మా! గీ నిజాయితి గావాలె మనకు," అని నా భుజం తట్టారు. ఆ తట్టుకు నేను ముడుచుకుపోయాను. నాయిన దగ్గరికి పోయి, "ఏం పెద్దమనిషీ, కుర్చీల కెళ్లి లేస్తలేవంట?" అన్నారు.

"లేసేం జెయ్యాలె సారూ? రాష్ట్రమొచ్చింది గద," అన్నాడు నాయిన తడుముకోకుండా. ముందే అనుకుని పెట్టుకున్నాడు ఆ జవాబు. సారు గట్టిగా నవ్వారు. ఆయన నవ్వడం మేం వినడం అదే మొదలు. అన్ని ఆదివారాలు నేను కాచుకున్న నవ్వు నాయిన ఒక్క మాటతో తెప్పించాడు. నాకు ఏడుపొచ్చింది.

కుర్చీ వీపు మీద ఎర్రరంగుతో 'గ్రామ పంచాయతి' అని రాసి ఉంది. సారు చూడలేదు. జీవితమంతా అక్షరాలు రాసిన చిట్యాల అన్న కళ్లు మాత్రం అక్కడే ఆగాయి. ఆయన నా వైపు చూడలేదు. ఉక్కపోస్తోందంటూ మెడలోని తువ్వాల తీసి, ఆ అక్షరాల మీద ఆరేశాడు. చలికాలం అది.

ఆయనా, గుమాస్తా కలిసి బొమ్మలు మొదలుపెట్టారు. అమ్మ కట్టె ఎత్తి అలాగే నిలబడింది. చెయ్యి వణుకుతుంటే రెండో చేత్తో మోచేతిని పట్టుకుంది. "దించమ్మా, అయిపోయింది," అన్నాడు గుమాస్తా. "పర్వలేదు బిడ్డా, మీరు మంచిగ గీసుకోండ్రి," అంది. ఆ తర్వాత ఎప్పుడూ లేంది ప్యాకెట్ తెప్పించి కాఫీ పెట్టింది. వంకరటింకర చపాతీలు పెట్టింది. పొయ్యి పక్కన జొన్నపిండి గిన్నె మీద మూత పెట్టి మరీ దాచింది. సారు చపాతీ తుంచలేక తుంచుతూ రుచిగా ఉందన్నారు. ఒక్క మాట చెబితే అమ్మ ఆ కట్టె దించేది, నాయిన మంద దగ్గరికి పోయేవాడు. ఆ ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు.

పొద్దు వాలుతుండగా మంద వచ్చింది. ఆరోజు పెదనాయిన కొడుకు తోలుకుపోయాడు. చీకటి పడేదాకా ఊరవతలే ఆపమని అమ్మ చెప్పిందట గానీ, గొర్రెలు వింటాయా? సందు తిరగడమే తడవు, ఉరుక్కుంటూ వచ్చి నాయిన చుట్టూ మూగాయి. కుర్చీని నెట్టాయి, చొక్కా నాకాయి, ఒకటి పేపరు లాగి నమలడం మొదలుపెట్టింది. నాయిన కుర్చీలోనే బిగుసుకుని కూర్చున్నాడు. ఎవరివో గొర్రెలన్నట్టు కాళ్లతో నెట్టబోయాడు. ఆ నెట్టడం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

అంతలో నాయిన చూపు మంద మీద ఒక చుట్టు తిరిగింది. మొహం మారిపోయింది.

"నల్లమచ్చది ఏదిరా?"

"ఎన్కనే వచ్చె గదా చిన్నాయినా," అన్నాడు పెదనాయిన కొడుకు.

"దానికి దినాలు నిండినయని పొద్దుగాలనే చెప్తి గదరా!"

నాయిన లేచాడు. కుర్చీ వెనక్కి పడింది, తువ్వాల జారింది, ఎర్ర అక్షరాలు బయటపడ్డాయి. గింజల గుమ్మి వెనక దాచిన గొంగడీ, చేతికట్టే అందుకుని, తెల్లచొక్కాతోనే చేను దిక్కు ఉరికాడు. ఆ వయసులో అంత జోరుగా ఉరకడం చూసి సారు నోరు తెరుచుకుని ఉండిపోయారు.

అమ్మ వచ్చి కుర్చీ నిలబెట్టింది. కొంగుతో దుమ్ము తుడిచింది. కట్టె ఇంకా చేతిలోనే ఉంది. "ఇప్పుడే వస్తడు సారూ. ఎన్నడు గిట్ల లెవ్వడు. ఎప్పుడు కుర్చీలనే ఉంటడు," అంది. నా వైపు చూసి, అంతా బాగానే ఉంది కదా అన్నట్టు చిన్నగా నవ్వింది.

సారు అద్దాలు తీశారు. తుడుచుకుని, మళ్లీ పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నారు. నాయిన వచ్చేదాకా ఉందామని చిట్యాల అన్న అన్నాడు గానీ, "ఉంటే ఆయన మల్ల వచ్చి కుర్చీల కూసుంటడు. పోదాం పా," అన్నారు సారు. తెల్లారితే కాలేజీ ఉందని చెప్పి నేనూ వాళ్లతోనే కారెక్కాను. ఉండిపోవాల్సింది. వాళ్ల ముందు ఎంత సిగ్గుపడ్డానో, అమ్మతో ఒంటరిగా మిగలడానికి అంతకంటే ఎక్కువ భయపడ్డాను.

దారిలో సారు ఒక్క మాటే అన్నారు. "అమ్మ చెయ్యి నొస్తుండొచ్చు. ఒక ఫోన్ జెయ్యి."

పొద్దున చేశాను. చెయ్యి మంచిగనే ఉందంది అమ్మ. గొర్రె దొరికిందా అంటే దొరికిందంది. పుట్టిన పిల్ల ఏమైందంటే, "నాయిన పొయ్యేసరికే కుక్కలు పడ్డయి బిడ్డా. ఉంటయి పోతయి, నువ్వు ఫికర్ జెయ్యకు. సార్లకు చపాతీలు నచ్చినయా?" అంది.

ఆ శీర్షిక రెండో సంచికలో రాలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. మిగతా ఇద్దరి ఇళ్లకూ పోలేదు. ఇంటి బొమ్మ నియమం గురించి సారు మళ్లీ ఎత్తలేదు. నన్ను పొమ్మనలేదు కూడా. పొమ్మన్నా కొంత తేలికపడేదాన్నేమో. మెట్లు దిగుతుంటే ఒకరోజు చిట్యాల అన్న, "మా ఇంటికొచ్చినా గట్లనే ఉండె చెల్లె. మా ఇంట్ల గూడ పడక్కుర్చీ లేదు," అన్నాడు. ఓదార్పుకే అన్నాడు గానీ, నాకు ఓదార్పు కాలేదు. వాళ్లమ్మ కట్టె పట్టుకుని నిలబడలేదు కదా.

ఆ సంచికకు నేను ఏమీ గీయలేదు. మూడో సంచికకు గీయాలని ఇంటికి పోయాను. కుర్చీ పంచాయతీకి చేరింది, కట్టె టీచరమ్మకు చేరింది. నాయిన మంద వెంట పోయి ఉన్నాడు. అమ్మ పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు చేస్తోంది. పీట మీద పిండి ముద్ద, దాని మీద టపటపా అరచెయ్యి. ఆ చప్పుడుకు నేను చిన్నప్పుడు నిద్ర లేచేదాన్ని. సంచీలోంచి కాగితాలు తీసి ఎదురుగా కూర్చున్నాను.

"నన్నే గీస్తవా?" అంది అమ్మ.

"అవునమ్మా."

అమ్మ గబగబా కొంగు సర్దుకుంది. చెదిరిన జుట్టు మోచేత్తో వెనక్కి తోసుకుంది. రెండు చేతులకూ మణికట్ల దాకా జొన్నపిండి. వాటిని చూసుకుని నొచ్చుకుంటూ లేవబోయింది.

"ఆగు బిడ్డా, చేతులు కడుక్కోనొస్త. గీసారి నా చేతిల ఏం బట్టుకోవాలె?"